శని ఆదివారాల యాత్రలు: ఒక రాతప్రతి, మూడు సభలు

గత నాలుగు నెలల్లో ఒకే రాతప్రతి మీద మూడు సభలు జరిగాయి. మొదటిది సూర్యాపేటలో, రెండవది కోదాడలో, మూడవది మిర్యాలగూడలో. మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లా ఊళ్లే. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరు జిల్లా అయి కోదాడను వెంట తీసుకుపోయింది. మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు ఎన్నయినా సాహిత్య సభలకు వచ్చే ముప్పై నలభై మందిమీ వాళ్లమే. మొదటి సభలో ఆ రచనను గట్టిగా విమర్శించిన వాళ్లలో నేనొకణ్ణి. ఆనాడు నేనన్న దానిలో సగం తప్పని మూడవ సభనాటికి తెలిసివచ్చింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రాతప్రతి పేరు 'శని ఆదివారాలు'. రచయిత్రి మిర్యాలగూడ దగ్గరి ఒక తండాలో పుట్టింది. తండ్రి రైస్ మిల్లులో హమాలీ. ఆమె హైదరాబాదులో ఫ్రెంచి చదివి, ఆ భాషలోనే పై అభ్యాసం కోసం కొంత ఉపకార వేతనంతో, కొంత అప్పుతో ఉత్తర ఫ్రాన్సులోని లీల్ నగరానికి వెళ్లి ఒక విద్యా సంవత్సరం ఉంది. వారంలో ఐదు రోజులు తరగతులు. తీరిక దొరికిన శని ఆదివారాల్లో రైలో బస్సో ఎక్కి ఏదో ఒక ఊరు చూసి వచ్చేది. అలా చూసిన 22 చోట్ల మీద 22 చిన్న వ్యాసాలు రాసింది. ఆమె కోరిక మీద ఇక్కడ పేరు ఇవ్వడం లేదు. అచ్చుకాని రచన మీద విమర్శ ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అచ్చయిన తర్వాత మన పత్రికల్లో వచ్చేవి అభినందనలే కనుక, విమర్శకు అనువైన కాలం ఇదేనని నా ఉద్దేశం. ఆమె ఏడవ తరగతిలో నా విద్యార్థిని అన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దాని దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

తెలుగులో యాత్రా రచనకు మంచి ఆరంభమే జరిగింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా రాసుకున్నదంతా మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైగారి ద్వారా 1838లో అచ్చయింది. వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషి. అంటే మాట వృత్తిగా బతికిన మనిషి. కాశీకి పోయింది పుణ్యానికే అయినా, ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, దారి ఎలాంటిది, ఏరు దాటడం ఎట్లా అన్న లెక్క ఆయన ఎక్కడా వదలలేదు. వెంట పెద్ద పరివారం ఉన్న ధనికుడి యాత్ర అది. అయినా మోసే మనుషుల ఉనికి ఆ పుటల్లో తెలుస్తూనే ఉంటుంది.

తర్వాత 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం వచ్చింది. నవల అయినా, విదేశానికి చదువుకు పోయిన తెలుగు విద్యార్థి ప్రయాణానికి అంతకన్న ప్రసిద్ధమైన చిత్రణ మనకు లేదు. మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకున్న మొగల్తూరు పార్వతీశాన్ని చూసి మూడు తరాలు నవ్వాయి. ఆ నవ్వును నేను తక్కువ చేయను. తెలియనితనాన్ని దాచుకోకుండా కథకు కేంద్రంగా పెట్టిన ధైర్యం అందులో ఉంది. అయితే పార్వతీశానికి అది నవ్వులాట కాగలగడానికి అతని వెనకున్న ఇల్లూ కులమూ ఎంతగా కారణమో మనం పెద్దగా చర్చించలేదు. తండా పిల్ల అదే టోపీ పెట్టుకుంటే ఎవరు నవ్వుతారు, ఎలా నవ్వుతారు అన్నది వేరే ప్రశ్న.

ఆ తర్వాతి విదేశ యాత్రా రచన చాలావరకు అతిథుల చేతిలో పడింది. ఆహ్వానం మీద పోయినవాళ్లు, విమానాశ్రయంలో పూలదండ అందుకున్నవాళ్లు, పక్కన దుబాసీ ఉన్నవాళ్లు రాశారు. సోవియట్ దేశానికి వెళ్లివచ్చిన మన పెద్దల రచనల్లో కూడా ఈ అతిథి చూపు లేకపోలేదని ఒప్పుకుందాం. విద్యార్థి యాత్ర పూర్తిగా వేరు. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం రాత్రికి ముగియాలి. సోమవారం పొద్దున తరగతి ఉంటుంది. టికెట్ చవకగా ఉన్న వేళకే పోవాలి. ఇలాంటి ప్రయాణం నుంచి ఎలాంటి రచన పుడుతుందో తెలుసుకోవాలన్న ఆశతోనే ఈ రాతప్రతి తీసుకున్నాను.

సగానికి పైగా వ్యాసాలు ఆశాభంగం కలిగించాయి. పారిస్, బ్రస్సెల్స్, బ్రూజ్ మీద రాసినవి మరీ పేలవం. లీల్ నుంచి వేగం రైలులో పారిస్ ఒక గంట దారి. ఆమె రెండుసార్లు పోయింది. ఈఫిల్ గోపురం 1889లో కట్టారని, ఎత్తు 330 మీటర్లని రాసింది. ఈ సమాచారానికి లీల్ దాకా పోనక్కర లేదు, కోదాడ బస్టాండులో కూర్చుంటే దొరుకుతుంది. బ్రూజ్ కాలువల మీద 'కలల నగరం', 'కాలం ఆగిపోయిన చోటు' వంటి అరిగిన మాటలు. అన్నిటికంటె నన్ను ఇబ్బంది పెట్టింది, ఆ వ్యాసాలలోని కంఠం. అన్నీ తెలిసిన మనిషి ఎవరో అక్కడ నిలబడి మనకు చూపిస్తున్నట్టుంటుంది. ఆ నెలల్లో ఆమె రొట్టె కొనడానికి కూడా ముందుగా వాక్యం కూర్చుకుని దుకాణంలోకి అడుగుపెట్టేదని తర్వాత ఆమే చెప్పింది. ఆ కష్టం జాడ కూడా వ్యాసాల్లో కనపడదు.

సూర్యాపేట సభలో మేం వేరే దారి పట్టాం. ఒక మిత్రుడు లేచి, పారిస్‌కు రెండుసార్లు పోయినామె పేర్ లాషేజ్ శ్మశానంలోని కమ్యూనార్డుల గోడను ఎందుకు చూడలేదని ప్రశ్నించాడు. 1871 మే 28న 147 మంది కమ్యూన్ యోధులను నిలబెట్టి కాల్చిన గోడ అది. హమాలీ బిడ్డ కళ్లకు గోపురం కనబడి గోడ కనబడకపోవడం మధ్యతరగతి భావజాల ప్రభావమేనని తేల్చాడు. నేను ఇంకొంచెం ముందుకు పోయాను. మన సభల్లో పాడే అంతర్జాతీయ గీతానికి పాట పొతియే 1871లో రాసినా, దానికి బాణీ కట్టింది 1888లో లీల్ నగరంలోనే, పియేర్ దెగైతేర్ అనే కార్మికుడు. అదే ఊళ్లో ఏడాది ఉండి ఆ ముక్క తెలుసుకోకపోవడం శోచనీయమన్నాను. సభ చప్పట్లు కొట్టింది.

ఆమె లేచి ఒకటే అడిగింది: "మీకెప్పటి సంది తెలుసు సార్ ఇది?"

నాకు తెలిసి అప్పటికి వారం. ఆమె రాతప్రతిని విమర్శించడానికి లీల్ గురించి వెతుకుతూ తెలుసుకున్న ముక్క అది. సాయుధ పోరాటపు ఊరు సూర్యాపేట. ఆ బాణీని మేం ఏళ్ల తరబడి పిడికిలి ఎత్తి పాడాం. అది ఏ ఊరిదో, ఎవరు కట్టారో మా అంతట మేం ఎన్నడూ అడగలేదు. ఇరవై రెండేళ్ల అమ్మాయి అడగలేదని నిలదీశాం. తర్వాత ఆలోచిస్తే ఇంకొకటి తోచింది. ఆమె ఆ గోడ దగ్గరికి పోయి నాలుగు ఆవేశ వాక్యాలు రాసి ఉంటే మేం మెచ్చుకునేవాళ్లమే. కాని ఆ వాక్యాలు గోపురం ఎత్తు 330 మీటర్లన్న వాక్యానికి చుట్టాలే అయి ఉండేవి. చూడవలసిన చోట్ల పట్టిక మార్చి, చూపు మారిందనుకోవడం యాంత్రిక విమర్శ. మన పత్రికల్లో అది ఎప్పటినుంచో ఉన్న జబ్బు. ఆ సాయంత్రం నాకూ వచ్చింది.

కోదాడ సభ గురించి ఎక్కువ చెప్పను. ఇది డైరీయా, వ్యాసమా, శిల్పం ఎక్కడ అని గంటసేపు నడిచింది. ఒక యువ అధ్యాపకుడు మాత్రం, ఫ్రెంచి వచ్చిన మనిషి తెలుగులో రాయడం ఎవరి కోసం అని అడిగాడు. తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదది. 2018 చట్టంతో తెలంగాణలో పదవ తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. పది దాటగానే పిల్లలు మార్కుల కోసం సంస్కృతంలోకి, నగరంలోనైతే కొందరు ఫ్రెంచిలోకి పోతున్నారు. మన రచయిత్రికి కూడా ఇంటర్‌లో రెండవ భాష సంస్కృతమే. 99 మార్కులు వచ్చాయి. ఒక్క శ్లోకానికీ అర్థం తెలియదని నవ్వుతూ చెప్పింది. అధ్యాపకుడికి నేనిచ్చిన జవాబు ఇది: పారిస్‌లోని ప్రాచ్య భాషల సంస్థలో తెలుగు బోధించిన డానియల్ నెజెర్స్ ఫ్రాన్సు నుంచి ఇక్కడికి వచ్చి, బుర్రకథ మీద పరిశోధన చేశారు. అటునుంచి వచ్చినవాడు మన తంబురా ముందు కూర్చుని నేర్చుకున్నప్పుడు, ఇటునుంచి పోయినామె నేర్చుకున్నది మనకు చెప్పకపోతే ఎట్లా? జవాబు బాగానే ఉందన్నారు. కాని ఆమె నేర్చుకున్నది ఏమిటో నాకే అప్పటికి సరిగా తెలియదు.

రాతప్రతిలో రెండు వ్యాసాలు మాత్రం మొదటినుంచీ నన్ను వదలలేదు. ఒకటి, దుయే పట్టణం దగ్గరి లెవార్డ్ బొగ్గుగని ప్రదర్శనశాల మీద రాసినది. లీల్ చుట్టుపక్కల ప్రాంతమంతా ఒకప్పటి గనుల నేల. ఎమిల్ జోలా 1884లో అక్కడి ఆంజాన్ గనులకు పోయి చూసి వచ్చి 'జెర్మినాల్' రాశాడు. 1885లో అది పుస్తకమైంది. 1906 మార్చి 10న కూరియేర్ గనిలో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. ఆ ప్రాంతపు చివరి గని 1990 డిసెంబరులో మూతపడింది. ఇవన్నీ ఆమె రాసింది, కాని వ్యాసానికి ప్రాణం వీటిలో లేదు. గని కార్మికులు దిగేముందు బట్టలు విడిచి, గొలుసుకు కట్టి పైకప్పు దాకా లాగి వేలాడదీసే గది ఒకటి అక్కడ ఉంది. దాన్ని 'ఉరితీసినవాళ్ల గది' అంటారట. ఆ వేలాడే బట్టల కింద నిలబడి ఆమె మిల్లు గోడకు మేకులకు తగిలించి ఉండే హమాలీల అంగీలను తలచుకుంది. ఊక దుమ్ము పట్టిన అంగీని తల్లి ఇంట్లోకి రానిచ్చేది కాదని, గుమ్మం బయటే దులపాలని ఒక్క వాక్యం రాసి ఆపింది. 22 వ్యాసాల్లో తండ్రి వచ్చింది అక్కడొక్కచోటే.

రెండవది నవ్ షాపెల్ మీద. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం నేల మీద చనిపోయి, సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయ సైనికులు, కూలీల పేర్లు చెక్కిన స్మారకం అక్కడ ఉంది. 1927లో ఆవిష్కరించారు. రైలు దిగి మిగతా దారి నడిచి వెళ్లి, తెలుగు పేరు ఏదైనా ఉందేమోనని వరసగా చదువుకుంటూ పోయింది. చదువుతూ వేళ చూసుకోలేదు. చివరి వాక్యం ఇట్లా ఉంటుంది: ఆ సాయంత్రం పనికి ఆలస్యమై ఆ పూట కూలి పోయింది.

ఏ పని? ఎక్కడి కూలి? ముందూ వెనకా ఎక్కడా లేదు. సూర్యాపేటలో ఎవరమూ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. గోడ గురించి మాట్లాడుకోవడంలో మునిగి ఉన్నాం.

ఆగింది మిర్యాలగూడ వాళ్లు. మూడవ సభ ఒక హమాలీ సంఘం గదిలో జరిగింది. మా ముప్పై మందితో పాటు ఆమె తండ్రి తోటివాళ్లు పది పన్నెండు మంది వచ్చి గోడ వారగా కూర్చున్నారు. ఆమె నవ్ షాపెల్ వ్యాసం చదివింది. చదవడం అయిపోగానే ఒక పెద్దాయన అడిగాడు: "ఏం పని జేసినవ్ బిడ్డా ఆడ?" ఇంకొకాయన, "చార్జి ఎంత వడ్డది?" మూడో ఆయన, "ఆడ మూటలు ఎవలు మోస్తరు?"

ఆ ముగ్గురి ప్రశ్నలకు ఆమె కాగితాలు పక్కన పెట్టి నలభై నిమిషాలు మాట్లాడింది. ఫ్రాన్సులో విదేశీ విద్యార్థి ఏడాదికి 964 గంటల వరకు కూలికి పని చేయవచ్చని చట్టం. వారానికి సగటున పద్దెనిమిదిన్నర గంటలు. ఒక హోటలు వంటింట్లో ఆమె సాయంత్రాలు గిన్నెలు కడిగింది. ఏ శనివారం సెలవిస్తే ఆ శనివారమే యాత్ర. ఎన్ని గంటలు కడిగితే ఏ ఊరి టికెట్ వస్తుందో ఆమెకు నోటి లెక్క. పక్కన కూరగాయలు తరిగే అల్జీరియా నడివయసు మనిషి ఆమె ఫ్రెంచిని నవ్వకుండా దిద్దేవాడట. తాతను కొట్టి నేర్పిన భాషతో మనవడు కడుపు నింపుకుంటున్నాడని ఆయనే ఒకసారి అన్నాడట. అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962లో. మన యానాం 1954లోనే ఫ్రెంచివాళ్ల చేతినుంచి జారినా, చట్టం ప్రకారం భారతదేశానిది అయిందీ 1962లోనే. ఆ ఇద్దరు గిన్నెల మధ్య మాట్లాడుకున్న భాష వెనక ఎంత చరిత్ర ఉందో చూడండి. మూటల గురించి ఆమె చెప్పిన జవాబుకు గదంతా నవ్వింది: అక్కడా మోసేవాళ్లున్నారట, కాని నడుము విరగకుండా బరువుకు హద్దు పెట్టుకున్నారట.

సభ తర్వాత, ఇవన్నీ ఎందుకు రాయలేదని అడిగాను. "ఇవి కూడ యాత్రలేనా సార్?" అంది. యాత్ర అంటే ఏమిటో ఆమెకు మేమే నేర్పాం, మా పాఠ్యపుస్తకాలతో, మా వ్యాస రచన పోటీలతో.

రాతప్రతి ఇంటికి తెచ్చుకుని మళ్లీ చదివాను. అప్పుడు 14వ పుట వెనకవైపు కొట్టేసిన ఒక పేరా కనిపించింది. గీత సన్నది, కింది అక్షరాలు చదవవచ్చు. లీల్ చేరిన రెండవ వారం సంతలో ఆలుగడ్డలు కొంటుంటే అమ్మే మనిషి ధర 'కాత్ర్ వాఁ దీ సెత్' అన్నాడు. ఫ్రెంచిలో తొంభై ఏడుకు విడి మాట లేదు. నాలుగు ఇరవైలు, పది, ఏడు. పుస్తకంలో చదివిందే. కాని వెనక జనం నిలబడి ఉంటే చెవికి నాలుగు, ఇరవై, పది, ఏడు అని విడివిడిగా వినబడి చేతిలో నాణాలు పట్టుకుని నిలబడిపోయింది. అంతలో తండాలో నాయనమ్మ మేకలను ఇరవై ఇరవైగా లెక్కపెట్టడం గుర్తుకొచ్చింది. బడికి పోయిన తర్వాత తాను ఆ లెక్కను వెక్కిరించేది. ఇక్కడ తెల్లవాడు నాయనమ్మలాగా లెక్కపెడుతుంటే తనకే రావడం లేదు. పేరా అక్కడికి ఆగిపోయింది.

నా అభిప్రాయంలో రాతప్రతి మొత్తంలో ఇంతకు మించిన పుట లేదు. భాష నేర్చుకోవడానికి పోయినవాడికి అతిథికి లేని ఒక సంపద ఉంటుంది. మాట రాక నిలబడిపోయే క్షణాలే ఆ సంపద. అప్పుడు మనిషి చెవి, కన్ను పసిపిల్లవి అవుతాయి. పాత జ్ఞాపకం కొత్త అర్థంతో లేస్తుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ నుంచి మచిలీపట్నం దారిలో మన జిల్లా గుండానే పోయాడు. 1676లో అచ్చయిన అతని పుస్తకంలో పానగల్లు పేరు 'పెంగల్' వంటి రూపంలో ఉంటుంది. తప్పే. కాని తన చెవికి వినబడింది వినబడినట్టు రాసుకున్నాడు కనుకనే ఈనాటికీ ఆ దారిని పోల్చుకోగలుగుతున్నాం. అతను వర్తకుడు, వచ్చింది మన వజ్రాల కోసం. ఆ సంగతి మరచిపోనక్కర లేదు.

ఎందుకు కొట్టేశావని ఫోనులో అడిగాను. "నవ్వుతరని తీసేసిన సార్" అంది.

ఆమె ఎవరి నవ్వు గురించి అంటున్నదో నాకు తెలియకపోలేదు. ఏడవ తరగతిలో ఒకరోజు ఆమె లేచి, "మా నాయన వచ్చింది సార్" అన్నది. తరగతి నవ్వింది. నేను ఆ నవ్వును ఆపకపోగా, మహద్వాచకం, అమహద్వాచకం పాఠానికి ఆ వాక్యాన్నే ఉదాహరణగా నల్లబల్ల మీద రాశాను. లంబాడీ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు తెలుగు పరభాష. ఆమె వరకు తండా దాటి బడికి రావడమే విదేశంలో చదువు. సాయంత్రం ఇంటికి పోవడం స్వదేశానికి పోవడం. ఎంఏ చదివిన నాకు ఆనాడు ఆ ఊహే లేదు. పోనీ మన వ్యాకరణం అంత తేటగా ఉందా అంటే, ఏకవచనంలో ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని ఆడదాన్ని పశువుతో ఒక గాట కట్టిన వ్యాకరణం మనది. ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. అక్కడ ఆమె ప్రతి వస్తువుకూ లింగం తప్పు చెప్పిందట. పంతులమ్మ దిద్ది, మళ్లీ చెప్పించి, ముందుకు పోయేదట. ఈ విషయం కూడా రాతప్రతిలో లేదు. ఫోనులోనే తెలిసింది.

కనుక విమర్శకుడిగా నా సూచనలు ఇవి. పారిస్, బ్రస్సెల్స్, బ్రూజ్‌లతో సహా తొమ్మిది వ్యాసాలు తీసేయాలి. 14వ పుట గీత చెరిపి వ్యాసంగా పెంచాలి. వంటిల్లు, అల్జీరియా మనిషి, గంటల లెక్క, టికెట్ లెక్క ఇవన్నీ రావాలి. మిర్యాలగూడ పెద్దలు అడిగిన మూడు ప్రశ్నలను పుస్తకానికి ముందు పెట్టుకుని ప్రతి వ్యాసాన్నీ వాటికి జవాబుగా తిరిగి చూసుకోవాలి. కమ్యూనార్డుల గోడ, అంతర్జాతీయ గీతం ఆమె ఇష్టం. నల్లబల్ల సంగతి రాయాలనుకుంటే నా పేరుతోనే రాయమన్నాను.

పోయిన ఆదివారం కోదాడ వచ్చి రాతప్రతి తీసుకుపోయింది. నాయనమ్మ లెక్కను లంబాడీ మాటల్లోనే, తెలుగు లిపిలో పెడతానన్నది. పక్కన తెలుగు అర్థం ఇవ్వాలా వద్దా అని అడిగింది. ఇంకా జవాబు చెప్పలేదు.